చన్నీళ్ళలో దుప్పటి

జూన్ 9, సోమవారం

మేస్త్రి నోటిని పెద్ద మిషన్‌లో వేసి రెండు రౌండ్లు తిప్పాలి. లాడ్జి నుంచి వచ్చిన మూటలో ఒక పుస్తకం దొరికితే తీసి పక్కన పెట్టుకున్నాను. దొంగతనమట. దిండు గలేబులో మరిచిపోయి వెళ్ళినవాడికి లేని బాధ వీడికెందుకు? పదో తరగతితో నా చదువు అటకెక్కింది. ఆ తర్వాత చదివిందంతా జనం మంచాల మీద వదిలేసి పోయిన పుస్తకాలే. సగం వాటికి చివరి పేజీలు ఉండవు. ఎవరు చంపారో తెలియకుండానే చాలా హత్యలు చదివాను. ఈ డైరీ కూడా అలా వచ్చిందే. మొదటి పేజీలో ఎవరో రేపటి నుంచి పొద్దున్నే లేవాలి అని రాసి మానేశారు. మిగతాదంతా ఖాళీ. నాది.

లాండ్రీలో నన్ను మరకల డాక్టర్ అంటారు. ఎగతాళికి మొదలుపెట్టారు. ఇప్పుడు ఏదైనా వదలకపోతే మేస్త్రి కూడా డాక్టర్ని పిలవండిరా అంటాడు. తుప్పుకి ఒక మందు, నూనెకి ఒకటి, టీకి ఒకటి. రక్తం అన్నిటికంటే సులువు, వెంటనే దొరికితే. చన్నీళ్ళు చాలు. వేడినీళ్ళు పోశారో, రక్తం ఉడికి దారాన్ని పట్టేస్తుంది. ఇక దేవుడు దిగొచ్చినా వదలదు. ఈ సంగతి ఇంట్లో అమ్మకి కూడా నూరిపోశాను. రక్తం పడిందా, ఆలోచించకు, చన్నీళ్ళలో ముంచు.

ఇంట్లో నలుగురం. అన్నయ్య ఆదివారం మనిషి. మిగతా రోజులు వంతెన పని దగ్గరే, షెడ్డులో పడుకుంటాడు, వెల్డింగ్. ఇక అమ్మ, వదిన, నేను. వదినకి ఎనిమిదో నెల. కాళ్ళు వాచిపోయి, డాక్టరుగారూ వీటికేం మందు అంటుంది. సోడా వేసి నానబెట్టి, పిండి, తీగ మీద ఆరేస్తానంటాను. నవ్వుతుంది. నవ్వితే పొట్ట పట్టుకుంటుంది.

వదినకి మొదటిసారి కడుపు నిలవలేదు. అప్పుడు అమ్మ గోడ దగ్గర నిలబడి పక్కింటావిడతో ఒక మాట అంది. కొందరి ఒళ్ళు పిల్లల్ని మోసే ఒళ్ళు కాదులే అని. లోపల వదిన విన్నది. వదిన విన్నదని నేను చూశాను. నాకు ఒళ్ళు మండింది. మండి ఏం చేశాను? అన్నం తిన్నాను.

జూన్ 12, గురువారం

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వస్తే అమ్మ లేదు, మార్కెట్‌కి వెళ్ళింది. బాత్‌రూంలో నీళ్ళ చప్పుడు. వదిన స్టూలు మీద కూర్చుని బకెట్లో దుప్పటి కుక్కుతోంది. పైనుంచి గిన్నెతో మరిగే నీళ్ళు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నాకు చిర్రెత్తుకొచ్చింది. వేడినీళ్ళా! నా ఇంట్లో! బుద్ధుందా వదినా, లాండ్రీవాడి ఇంట్లో ఉండి ఇదేనా నేర్చుకున్నది అని గిన్నె లాక్కున్నాను. ఇంకో నిమిషం ఆలస్యమైతే దుప్పటి పోయేది. లే, పక్కకి జరుగు అన్నాను. జరిగింది. పళ్ళెమంత మరక, చుట్టూ చిన్నచిన్నవి. మంచి ఎరుపు, తాజాది. కాసేపు నడుం వాల్చితే నిద్రలో అయిందట. నొప్పి లేదట. ఆగిపోయిందట. నేను అడక్కుండానే చెప్పింది. ఆడవాళ్ళ సంగతి, నేనేం అడుగుతాను? చెవులు మూసుకునేవాడిలా కుళాయి పెద్దగా తిప్పాను.

మీ అమ్మకి చెప్పకు అంది. మీ అన్నయ్యకి అసలు చెప్పకు, అక్కడ ఎత్తు మీద నిలబడి పనిచేసే మనిషి అంది. మీ అమ్మ ఈసారి గోడ దగ్గరకి కూడా వెళ్ళదు, మొహం మీదే అంటుంది అంది. సరేనన్నాను. ఒట్టు అంది. ఒట్టు అన్నాను.

చన్నీళ్ళు మూడుసార్లు మార్చాను. ఉప్పు వేసి రుద్దాను. సాయంత్రానికి దుప్పటి మల్లెపువ్వు. అమ్మ చేత్తో తడిమి, ఇది ఇవాళెందుకు ఉతికారంది. టీ ఒలికిందన్నాను. అబద్ధం కూడా మరక లేకుండా చెప్పాను.

జూన్ 13, శుక్రవారం

వదిన అడక్కుండానే రెండోసారి వడ్డించింది. మా ఇద్దరి మధ్య ఒక రహస్యం ఉంది. గొప్పగా ఉంది.

జూన్ 15, ఆదివారం

అన్నయ్య వచ్చాడు. భోంచేసి మంచం మీద వాలి, దుప్పటి బాగుందే, కొత్తదా అన్నాడు. పాతదే, నేను ఉతికానన్నాను. నీ చేతిలో ఏదో ఉందిరా అన్నాడు. వదిన గోడ వైపు తిరిగి బట్టలు మడతపెట్టింది. మడతపెట్టినవే మళ్ళీ.

జూన్ 16, సోమవారం

మేస్త్రికి ఏదో సాకు చెప్పి వ్యాన్ తీసుకుని వదినని చెకప్‌కి తీసుకెళ్ళాను. అమ్మ ముందు సీట్లో కూర్చుంటానంది. కడుపుతో ఉన్నది నువ్వా ఆవిడా అని అడిగాను. నిన్ను కన్న కడుపే ఇది, ఆ నొప్పులు ఇంకా తగ్గలేదు అంది. వదిన వెనక నవ్వుతోంది. బాగానే వెళ్ళాం.

లోపల నర్సు తలెత్తకుండా అడుగుతోంది. తలనొప్పి ఉందా, కళ్ళు మసకలా, బిడ్డ కదులుతోందా, రక్తం ఏమైనా కనబడిందా. నేను ఫైలు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. అమ్మ వదిన పక్కనే, భుజానికి భుజం ఆనించి. లేదు అంది వదిన. అనేసి నా వైపు చూసింది.

నేను ఫ్యాన్ వైపు చూశాను. దుమ్ము పట్టి ఉంది. ఇంత పెద్ద ఆసుపత్రిలో ఫ్యాన్ తుడిచేవాడు లేడా అని అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

తర్వాత డాక్టరమ్మ పాత కాగితాలు చూసింది. బిడ్డకి రక్తం అందించే మాయ కిందికి ఉందని ఐదో నెల స్కాన్‌లో రాశారట, మళ్ళీ చూడాలట. ఇక్కడి స్కాన్ మిషన్ రిపేర్‌లో ఉంది. రక్తం పోయి ఉంటే ఇప్పుడే వేరేచోటికి పంపి చేయించేదాన్ని, చేర్చుకునేదాన్ని, పోలేదు కదా, వచ్చే సోమవారం రండి అంది. ఈలోపు ఒక్క చుక్క కనబడినా, నొప్పి లేకపోయినా, ఆగిపోయినా, అదే క్షణం రావాలి అంది. అమ్మకి ఒకసారి, వదినకి ఒకసారి చెప్పింది. నాకూ చెప్పింది, వ్యాన్ నడిపేది నువ్వే కదా అని.

అప్పుడు చెప్పొచ్చు. గుమ్మం దాటి రెండడుగులు వేస్తే చాలు. అమ్మా, ముందు నువ్వు బయటికి నడువు అంటే చాలు.

వ్యాన్ గేటు దగ్గరికి తెస్తానని చెప్పి బయటికి వచ్చేశాను.

జూన్ 17, మంగళవారం

మిషన్ దగ్గర కుర్రాళ్ళందరితో గొడవ పెట్టుకున్నాను. ఎవరికీ ఎందుకో తెలియదు.

జూన్ 18, బుధవారం

ఇస్త్రీ టేబుల్ దగ్గర పనిచేసే ఆవిడని మేమందరం పెద్దక్క అంటాం. నన్ను కొట్టగల హక్కు లాండ్రీలో ఆవిడకి మాత్రమే ఉంది. ఆవిడ దగ్గరికి వెళ్ళి, నా ఫ్రెండ్ ఒకడున్నాడు, వాడి వదిన అని మొదలుపెట్టాను. నీకు ఫ్రెండ్స్ ఎక్కడున్నార్రా, అందరితో నిన్నేగా తగువు పెట్టుకున్నావు అంది. ఎన్నో నెల అంది. చెప్పాను. ఎప్పుడు అంది. గురువారం అన్నాను. పోయిన గురువారమా అని అడుగుతూ ఇస్త్రీపెట్టె ఆపేసింది. చేత్తో ఆపింది, గుడ్డ మీంచి తీయలేదు. గలేబు మీద పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ పడింది. నేను చూస్తున్నాను, ఆవిడ చూడట్లేదు.

నెలలు నిండే ముందు రక్తం కనబడితే అది ఆడవాళ్ళ సంగతి కాదురా, అందరి సంగతి, వెళ్ళు, ఇప్పుడే వెళ్ళు, వదిన్ని ఎత్తుకునైనా వెళ్ళు అంది. ఎవరికి చెప్పావు ఇంట్లో అంది. ఎవరికీ చెప్పలేదన్నాను. ఛీ అంది. అంతే. ఆవిడ నోట ఇన్నేళ్ళలో ఎంత తిట్టినా ఇంత చిన్న తిట్టు వినలేదు.

నేరుగా ఇంటికి వచ్చాను. చెప్పేయాలనే వచ్చాను. అమ్మ, వదిన ఇద్దరూ నేల మీద కూర్చుని పిల్లకి పాత చీరలు చించి మెత్తటి గుడ్డలు చేస్తున్నారు. ఇద్దరూ ఏదో చెప్పుకుని పడీపడీ నవ్వుతున్నారు. వాళ్ళిద్దరూ కలిసి అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఏమిట్రా గడ్డపారలా నిలబడ్డావు అంది అమ్మ.

అమ్మ లోపలికి వెళ్ళాక వదినతో గొణిగాను. రేపే వెళ్దాం, డాక్టరమ్మకి నువ్వే చెప్పు, నేను బయట ఉంటాను అన్నాను. వదిన మొహం మారిపోయింది. ఒట్టు వేశావు అంది. మళ్ళీ రాలేదు కదా, బిడ్డ బాగా తంతోంది, ఆదివారం ఆయన వస్తారు, ఆయనకి నేనే చెప్పుకుంటాను, ఆయన పక్కనుంటే మీ అమ్మని తట్టుకోగలను అంది. ఆదివారం దాకా ఓపిక పట్టు డాక్టరుగారూ అంది. ఆ మాట అని నవ్వబోయింది, రాలేదు.

ఆదివారం దాకా అన్నాను.

సులువుగా ఉండేది ఏదో అదే అన్నాను. ఈ ఊళ్ళో అందరినీ తిట్టే నోరు నాది. అమ్మని తిడతాను, మేస్త్రిని తిడతాను, దారిన పోయే బస్సుని తిడతాను. అవసరమైన ఒక్క మాట అనాల్సి వచ్చేసరికి ఈ నోరు ఎక్కడికి పోతుందో తెలియదు.

జూన్ 20, శుక్రవారం

రేపొక్క రోజు.

జూన్ 22, ఆదివారం, ఆసుపత్రి మెట్ల మీద

నిన్నటిది రాస్తున్నాను.

మధ్యాహ్నం కాకముందే లాండ్రీ ఫోన్‌కి అమ్మ చేసింది. ఉమ్మనీరు పోయింది, నెల ముందే పోయింది, ఎర్రగా ఉందిరా, రా అంది. నేను ఫోన్ పెట్టేసేసరికి మేస్త్రి వ్యాన్ తాళం నా మీదికి విసిరాడు.  ఆ మనిషిని ఈ డైరీలో ఎన్ని మాటలన్నానో. వ్యాన్ నిండా మాసిన మూటలు. వీధిలోకే విసిరేశాను. పెద్దక్క ఒకటొకటీ గోడ వారకి లాగుతూ, ఉతికినవి వెయ్యి, ఉతికినవి పరుచు అని అరిచింది. తెల్ల దుప్పట్లు ఒక దొంతర పరిచాను.

ఇంటికి వెళ్తే వదిన నేల మీద కూర్చుని ఉంది. నొప్పి లేదంటోంది. అప్పుడు కూడా అదే మాట, నొప్పి లేదు అని. నీళ్ళలో రక్తం కలిసి కాళ్ళ మీంచి పారుతోంది. అమ్మ మంచం మీది దుప్పటి అప్పటికే తీసేసి బకెట్లో ముంచేసింది. చన్నీళ్ళలో. నేను నేర్పినట్టే.

వదినని ఎత్తుకున్నాను. ఎంత బరువుంటుందో అనుకున్నాను, ఏమీ లేదు. వ్యాన్‌లో అమ్మ ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని, ఏం కాదమ్మా, నీళ్ళు పోతే కొంచెం ఎర్రగానే ఉంటుంది, నాకూ అలాగే అయింది అంటోంది. ఆ మాటలు వినలేక హారన్ మీద చెయ్యి తీయకుండా నడిపాను.

లోపల నర్సు మళ్ళీ అదే అడిగింది. ఇంతకు ముందు రక్తం ఎప్పుడైనా పోయిందా. లేదమ్మా, ఒక్క చుక్క కూడా లేదు, నేను పక్కనే ఉన్నాను కదా అంది అమ్మ. వదిన కళ్ళు మూసుకుంది.

అప్పుడు నోరు వచ్చింది నాకు. పోయింది అన్నాను. పోయిన వారం, గురువారం నాడు పోయింది, దుప్పటి నిండా పోయింది, ఆవిడే ఎవరికీ చెప్పకుండా దాచింది అన్నాను.

ఆవిడే అన్నాను.

డాక్టరమ్మ అప్పటికే పరుగున వచ్చింది. పొట్ట మీద మిషన్ పెట్టింది. బిడ్డ గుండె చప్పుడు గదంతా వినబడింది. గుర్రం పరుగులా ఉంటుందని వదిన ఒకసారి చెప్పింది. ఇది గుర్రం కాదు. అలసిపోయినవాడు మెట్లెక్కుతున్నట్టు ఉంది. ఆగి, ఎక్కి, ఆగి. డాక్టరమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా మంచం చక్రాల తాళం తనే కాలితో తీసింది. తోసుకుంటూ వెళ్ళిపోయారు. వెళ్తుంటే వదిన కళ్ళు తెరిచి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

ఆడపిల్ల. బతికే ఉంది. ఏడవలేదట. తెల్లగా ఉందట, కాగితంలా. గాజు గదిలో పెట్టి ఎవరిదో రక్తం ఎక్కిస్తున్నారు. వదినకి ప్రాణభయం లేదు. పిల్ల సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు.

అన్నయ్య పొద్దున వచ్చాడు. ఆదివారం కదా.

జూన్ 23, సోమవారం

డాక్టరమ్మ అన్నయ్యనీ అమ్మనీ నన్నూ కూర్చోబెట్టి చెప్పింది. కాగితం మీద బొమ్మ గీసింది. మాయ నుంచి బిడ్డకి వెళ్ళే రక్తనాళాలు బొడ్డుతాడులో భద్రంగా ఉండాలట. చాలా అరుదుగా, వేలల్లో ఒకరికి, అవి తాడు దాటి ఉమ్మనీటి సంచి పొర మీద పాకుతాయట, సరిగ్గా గర్భసంచి మూతి దగ్గర. సంచి పగిలినప్పుడు నాళం తెగుతుంది. అప్పుడు పోయే రక్తం తల్లిది కాదు. బిడ్డది.

అంత చిన్న ఒంట్లో ఉండే రక్తమంతా కలిపినా ఒక గ్లాసు అంది డాక్టరమ్మ. నీళ్ళ గ్లాసు చూపించింది. అక్కడ బల్ల మీద ఉన్నది.

మరి మొదట గురువారం పోయింది ఎవరిది అని అన్నయ్య అడిగాడు. అది తల్లిదే అయ్యుండాలి, మాయ కిందికి ఉంటే అలా పోతుంది, బిడ్డదైతే ఆరోజే అయిపోయేది అంది. అది మనకి ముందే వచ్చిన కబురు అంది. అప్పుడే వచ్చి ఉంటే ఆ రోజే స్కాన్, చేర్చుకోవడం, నీళ్ళు పోకముందే ఆపరేషన్. పిల్ల ఎర్రగా, ఏడుస్తూ పుట్టేది అంది. ఎవరినీ తిట్టలేదు. తిడుతుందేమోనని ఎదురుచూశాను.

బయటికి రాగానే అమ్మ తిట్టింది. వదినని. దాచింది చూడు, కడుపులో పిల్ల కంటే దానికి పంతం ఎక్కువైంది, ఇలాంటి తల్లిని ఎక్కడా చూడలేదు అంది. నీకెలా తెలిసిందిరా అని నన్ను ఎవరూ అడగలేదు. అన్నయ్య గాజు గది దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వదిన మంచం దగ్గరికి వెళ్ళలేదు.

స్నానానికి ఇంటికి వచ్చాను. బాత్‌రూంలో బకెట్ అలాగే ఉంది. నీళ్ళు తుప్పు రంగులోకి తిరిగాయి. వాసన. ఎంత ఎక్కువ నానితే అంత సులువుగా పోతుందని నాకు తెలుసు. ఒక గ్లాసు, అంత నీళ్ళలో. కాలవలో పారబోయలేకపోయాను. స్నానం చేయకుండానే వెనక్కి వచ్చేశాను.

జూన్ 24, మంగళవారం

వదిన నా పేరు చెప్పలేదు. ఎవరడిగినా చెప్పలేదు. దాచాను, నా తప్పే అంటోందట.

జూన్ 26, గురువారం

పిల్లకి రెండోసారి రక్తం ఎక్కించారు. వేలు పట్టుకుందని నర్సు చెప్పింది. అన్నయ్య గాజుకి నుదురు ఆనించి అలాగే ఉన్నాడు. అమ్మ వెనక నిలబడి, డిశ్చార్జి అయ్యాక నీ పెళ్ళాన్ని వాళ్ళమ్మ ఇంటికి పంపించు, పిల్లని మనం పెంచుకుందాం అంది. అన్నయ్య కాదనలేదు. ఊఁ అన్నాడో, ఊపిరి వదిలాడో తెలియలేదు.

దుప్పటి నేనే ఉతికాను అన్నాను.

ఇద్దరూ తిరిగి చూశారు. ఏ దుప్పటి అంది అమ్మ. ఆ మొదటి గురువారంది అన్నాను. వదిన వేడినీళ్ళు పోస్తుంటే లాక్కుని నేనే ఉతికాను, టీ ఒలికిందని నేనే చెప్పాను, డాక్టరమ్మ చెప్పమన్నప్పుడు గుమ్మంలో ఉన్నాను, అన్నీ తెలిసి వ్యాన్ దగ్గరికి పోయాను అన్నాను. మొదట ఉతికింది తెలియక. తర్వాతవన్నీ తెలిసే అన్నాను.

అన్నయ్య నన్ను కొడతాడనుకున్నాను. అన్నయ్య చేతులు వెల్డింగ్ చేతులు, ఒక్కటి చాలు. కొట్టలేదు. ఆదివారం నేను పడుకున్నది దాని మీదేనా అని అడిగాడు. అవునన్నాను. కొత్తదా అని కూడా అడిగాను కదా అన్నాడు. అవునన్నాను. బాగా ఉతికావురా అన్నాడు. అని నవ్వాడు. అన్నయ్య అలా నవ్వడం మళ్ళీ వినకూడదు.

అక్కడితో ఆగాలి నేను. ఆగలేదు. అమ్మ వైపు తిరిగి, నువ్వు గోడ దగ్గర అన్న మాటకి భయపడే దాచింది, కొందరి ఒళ్ళు మోసే ఒళ్ళు కాదన్నావే, అది వదిన విన్నది అన్నాను. అమ్మ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ముసలిదైపోయింది ఒక్కసారిగా. నా తప్పు ఒప్పుకోవడానికి నోరు తెరిచి, అమ్మని ఇరికించి మూశాను. ఆసుపత్రిలో వదినని ఇరికించినట్టే. నిజం చెప్పేటప్పుడు కూడా పక్కన ఎవరో ఒకరు ఉండాలి నాకు, సగం వాళ్ళ మీద వేయడానికి.

జూన్ 27, శుక్రవారం

అన్నయ్య వదిన మంచం పక్కన కూర్చున్నాడు. మాట్లాడుకోవట్లేదు. కూర్చున్నాడు.

అమ్మ ఇంటికి వెళ్ళి బకెట్ పారబోసి వచ్చిందట. ఆ దుప్పటి ఏం చేసిందో నేను అడగలేదు, తను చెప్పలేదు. తిరిగొచ్చి దువ్వెన తీసుకుని వదిన చిక్కు తీయడం మొదలుపెట్టింది. వదిన తల ఇవ్వలేదు. కాసేపటికి ఇచ్చింది.  అమ్మ అంతసేపు మాట్లాడకుండా ఉండటం నా పుట్టుకలో ఇదే మొదలు.

జూన్ 29, ఆదివారం

వదిన దగ్గరికి ఒక్కడినే వెళ్ళాను. ఏం చెప్పాలో వ్యాన్‌లో నాలుగు రకాలుగా అనుకుని వెళ్ళాను. ఒక్కటీ గుర్తు రాలేదు. ఆవిడే దాచింది అన్నాను కదా, అది వినిపించిందా అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్న. పక్కనే పడుకుని ఉంది.

వినిపించింది అంది. అందులో అబద్ధమేముంది, నేనే దాచాను అంది. నువ్వు చెప్పినందుకు కోపం లేదు, ఉతికినందుకూ లేదు, నేను అడిగాను, నువ్వు చేశావు అంది. 

ఆ రోజు నువ్వు వచ్చేసరికి నేను భయంతో చచ్చిపోతున్నాను అంది. కాళ్ళు వణుకుతున్నాయి, అందుకే స్టూలు మీద కూర్చున్నాను, కాళ్ళ వాపుకి కాదు. నువ్వు గుమ్మంలోకి రాగానే హమ్మయ్య అనుకున్నాను, ఇక వీడే ఏదో ఒకటి చేస్తాడు అని. నువ్వు వచ్చి నీళ్ళెందుకు వేడిగా ఉన్నాయని అడిగావు. దుప్పటి గురించి ఎంత తిట్టావో. నీకెలా ఉంది వదినా అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఆసుపత్రికి తీసుకెళ్ళు అనేదాన్ని. నాలుక చివర ఉంది అంది.

 

జూలై 1, మంగళవారం

పనికి వెళ్ళాను. మేస్త్రి, డాక్టర్ వచ్చాడు అనబోయి మధ్యలో మింగేశాడు. పెద్దక్క చూపులతోనే పిల్ల ఎలా ఉందని అడిగింది. పాలు తాగుతోంది అన్నాను. మరి మీ వదిన ఎలా ఉంది అంది. అప్పుడు గుర్తొచ్చింది, అందరూ నన్ను పిల్ల సంగతే అడుగుతున్నారు, నేనూ పిల్ల సంగతే చెబుతున్నాను. బాగాలేదు అన్నాను. నిజమదే.

ఆసుపత్రి మూటలు వచ్చాయి. ఇన్నాళ్ళూ ఎర్రటి మరక కనబడితే ఎంత పాతది, ఎన్ని నీళ్ళు అని మాత్రమే చూసేవాడిని. ఈరోజు ఒక్కొక్కటి విప్పుతుంటే, ఇది ఎవరిది, లేచిందా, ఇంటికి వెళ్ళిందా అని. పని సాగలేదు. మేస్త్రి ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది, కనీసం అరిచేవాడిని.

జూలై 8, మంగళవారం

ఇంటికి తెచ్చాం. వ్యాన్ ఖాళీ చేసి, తుడిచి, మెల్లగా నడిపాను. అంత మెల్లగా నడిపితే సాయంత్రానికి కూడా చేరం అంది అమ్మ. ముందు సీట్లో వదిన, ఒళ్ళో పిల్ల. అమ్మ వెనక కూర్చుంది, ఎవరూ చెప్పకుండానే. అన్నయ్య అమ్మ పక్కన.

పిల్ల ఇంకా పాలిపోయే ఉంది, గోళ్ళు మాత్రం గులాబీ రంగులోకి తిరిగాయి. ఇప్పుడే ఏం చెప్పలేం, నడిచేదాకా, మాట్లాడేదాకా చూస్తూ ఉండాలి అని డాక్టరమ్మ చెప్పింది. ఆ చూస్తూ ఉండటంలో నా వాటా నాకు ఉంది. ఎవరూ అడగరు. ఉంది.

వదిన నన్ను డాక్టరుగారూ అనట్లేదు. అబ్బాయ్ అంటోంది. మంచినీళ్ళు ఇవ్వు అబ్బాయ్. తలుపు వెయ్యి అబ్బాయ్. మర్యాదగానే.

జూలై 13, ఆదివారం

పిల్లని ఎత్తుకున్నాను. పొట్ట మీది తెల్లగుడ్డకి రక్తం. గింజంత. చేతులు వాటంతటవే కుళాయి వైపు వెళ్ళాయి. ఆపాను. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. అమ్మ గరిటెతో వచ్చింది. అన్నయ్య సగం గడ్డం గీసుకుని వచ్చాడు. వదిన గోడ పట్టుకుని వచ్చింది. గుడ్డ అందరికీ చూపించాను, ఒక్కొక్కరి మొహం ముందు పెట్టి. బొడ్డు ఊడిందిరా, అందరికీ ఊడేదే, ప్రాణం తీశావు అంది అమ్మ.

వదిన గుడ్డ వైపు చూడలేదు. నా వైపు చూసింది. నీకెలా ఉంది అని అడిగింది.

గుడ్డ ఇంకా అలాగే ఉంది. ఉతకలేదు.